సరివినాయుడి ఎదుగుదల

జీడిగెడ్డవలసకి ఆ వారంలో రెండొచ్చాయి. సోమవారం ఒక కాగితం, గురువారం ఒక ట్రాక్టరు. కాగితం అంగన్‌వాడీ టీచరు చిన్నమ్మడి పేరు మీద వచ్చింది. ట్రాక్టరు ఊరందరి పేరు మీదా వచ్చింది.

కాగితంలో ఇలా ఉంది: "పదిహేను మందికి తక్కువగా పిల్లలున్న కేంద్రాలను హేతుబద్ధీకరించి, జూన్ ఒకటవ తేదీ నుండి సమీప కేంద్రంలో విలీనం చేయుటకు నిర్ణయించడమైనది." చిన్నమ్మడి దగ్గరున్నది ఎనిమిది మంది. సమీప కేంద్రం గెడ్డకవతల కొత్తూరులో ఉంది. కాగితం రాసినాయన పటంలో కొలబద్ద పెట్టి చూశాడు గనక అది ఆరొందల మీటర్లే. మధ్యలో ఆ గెడ్డవాగు ఎంత లోతుందో బద్దకి తెలియదు. వేసవిలో దాన్ని మేకలు దాటతాయి. ఆషాఢం వచ్చిందంటే ఎద్దులు కూడా ఒడ్డున నిలబడి ఆలోచిస్తాయి. తల్లులు తెల్లారకుండా జీడితోటల పనికెళ్ళిపోతే, మూడేళ్ళ పిల్ల గుంటలు ఆ గెడ్డ దాటి అవతలికెళ్ళి గుడ్డు తినొస్తారా? విలీనమన్నారు గానీ అది మూసెయ్యడమే.

చిన్నమ్మడికి నలభై ఆరేళ్ళు. ఇంటరు వరకూ చదివింది. పంతొమ్మిదేళ్ళుగా ఆ రెండు గదుల పెంకుటింట్లో ఊరి పిల్లల్ని నిలబెట్టి పొడుగు కొలిచి, తూచి, తినిపించి, బడికి పంపిస్తోంది. ఈ పంతొమ్మిదేళ్ళలో ఒక్క అంకె అబద్ధం రాయలేదని ఆవిడకి లోలోపల గర్వం. ఆ గర్వం ఎవరికీ కనిపించదు, ఆవిడకి ఇంకే గర్వమూ లేదు. కాగితం చదివి మడిచి జాకెట్లో పెట్టుకుంది. ఆయా కన్నమ్మకి కూడా చెప్పలేదు.

ఇక ట్రాక్టరు. పథకం పేరు 'శాశ్వత హరిత గృహం'. రాజధానిలో ఒక పెద్దాఫీసరు అధ్యయనయాత్ర మీద ఏదో చలిదేశం వెళ్ళి, అక్కడ ప్రతి ఇంటి పెరట్లోనూ మోకాలెత్తు పచ్చటి మొక్క ఒకటి చూశారట. ఆకు రాల్చదు, పువ్వు పూయదు, నీడ ఇవ్వదు, ఎదగదు, ఎప్పుడు చూసినా ఒక్కలాగే ఉంటుంది. ఆఫీసులో ముప్ఫయ్యేళ్ళు పనిచేసిన మనిషికి అంతకంటే నచ్చే ప్రాణి ఇంకోటి ఉంటుందా? తిరిగొచ్చిన మూడోరోజునే ఆదేశాలు బయల్దేరాయి. ఆదేశాల్లో దాని పేరు 'కుబ్జ సతతహరిత శంఖాకార గుల్మం'. ఊళ్ళో దాని పేరు, ట్రాక్టరు మీంచి దిగకముందే, పొట్టి సరివి. సూదాకు చెట్టంటే వాళ్ళెరిగింది సముద్రపొడ్డున సరివి తోటలే మరి.

ఇరవై మూడు ఇళ్ళకీ ఇరవై మూడు మొక్కలు. నల్ల పాలిథిన్ సంచీలో ఒకటీ, చేతిలో కరపత్రం ఒకటీ. కరపత్రాన్ని దాలినాయుడు చదివించుకుని విన్నాడు. దాలినాయుడికి జీడితోట రెండెకరాలు, నోరు ఏడెకరాలు.

"తొలి రెండేండ్లు కుండీలోనే పెంచవలెను. సంవత్సరమునకు ఒక అంగుళము పెరుగును. ఉదయపు ఎండ, మధ్యాహ్నపు నీడ హితము. వేరు చల్లగా ఉండవలెను. శీతకాలమున కొమ్మలపై పేరుకొన్న మంచును చీపురుతో మెల్లగా దులపవలెను."

"మంచు పడ్డప్పుడు కబురెట్టండి బాబూ," అన్నాడు దాలినాయుడు ట్రాక్టరు వాడితో. "సీపురట్టుకుని గుమ్మంలో నిలబడతాను."

అంతటితో అయిపోవలసిన కథే. కానీ ఆదేశాల అడుగున చిన్న వాక్యం ఒకటుంది. ప్రతి మొక్క ఎదుగుదలనీ నెలనెలా కొలిచి పైకి పంపాలి. కొలవడానికి మొక్కల శాఖకి పల్లెల్లో మనుషుల్లేరు. ఊళ్ళో ఎత్తు కొలిచే బద్ద ఎవరి దగ్గరుందని పైన విచారించగా, ఒక్క అంగన్‌వాడీలోనే ఉందని తేలింది. కాబట్టి మొక్కలు చిన్నమ్మడి నెత్తిన పడ్డాయి.

"ఎక్కడ ఎక్కించమంటారు మేడం?" అని ఫోన్లో అడిగింది చిన్నమ్మడు.

సూపర్‌వైజరు హేమనళిని మేడం మంచిదే, పైనుంచి ఏదొస్తే అది కిందికి వదలడమే ఆవిడ పని. "మొక్కల యాప్ ఇంకా తయారీలో ఉందమ్మా. అది వచ్చే వరకూ తాత్కాలిక ఏర్పాటుగా మీ ట్యాబ్‌లో ఉన్న యాప్‌లోనే నమోదు చేయమన్నారు. ఎత్తూ బరువూ రెండూ అందులో ఉన్నాయి కదా."

ఉన్నాయి. ఎత్తూ బరువుతో పాటు ఇంకా చాలా ఉన్నాయి. ఒక గడి నింపకపోతే రెండో గడి తెరుచుకోదు. చిన్నమ్మడు పొట్టి సరివిని మొదట దాలినాయుడి పెరట్లోనే మొదలుపెట్టింది.

"పేరు అడుగుతోంది మావా."

"దేనికీ? దీనికా?" దాలినాయుడు మొక్క చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "మా నాన్న పాపినాయుడు, నాను దాలినాయుడు. ఇది సరివినాయుడు. రాయి."

"ఆడా మగా అని అడుగుతోంది."

"నలుగురు ఆడపిల్లలికి పెళ్ళిళ్ళు సేసినాను. ఐదోదాన్నైనా మగోణ్ణి సెయ్యి, నీకు పున్నెముంటాది."

తల్లి పేరు దగ్గర యాప్ ఆగిపోయింది. ఖాళీగా వదిలితే ఎర్రగా మెరుస్తోంది. నీళ్ళు పోసేదెవరని అడిగితే దాలినాయుడి పెళ్ళాం పైడమ్మ "నానే కదమ్మా" అంది. తల్లి: పైడమ్మ. వయసు గడికి మొక్కకి కట్టిన చీటీ చూసుకుంది. నర్సరీ వాళ్ళు నిజాయితీపరులు: 'నాలుగు సంవత్సరాల మొక్క' అని రాశారు. ఏడాదికి అంగుళం పెరిగేది మరి నాలుగేళ్ళకి ఎంతుంటుంది? బద్ద మీద సంచీతో సహా నిలబెట్టి కొలిస్తే ముప్ఫయ్యేడు సెంటీమీటర్లు. తూస్తే రెండు కిలోల నూరు గ్రాములు. ఉన్నది ఉన్నట్టు రాసింది. ఇరవై మూడిళ్ళూ తిరిగి ఇరవై మూడూ ఉన్నవి ఉన్నట్టే రాసింది.

మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది. హేమనళిని మేడం.

"చిన్నమ్మడూ! మీ కేంద్రంలో నాలుగేళ్ళ పిల్లలు ఇరవై మూడు మంది అడుగున్నర పొడుగు కూడా లేరట! రాష్ట్రమంతటికీ మీ ఊరే ఎర్రగా వెలుగుతోందట, పైన తెర మీద!"

"అవి మొక్కలు మేడం. మీరే చెప్పారు."

"నాకు తెలుసమ్మా మొక్కలని. తెరకి తెలియదు కదా."

"అయితే తీసేద్దాం మేడం."

మధ్యాహ్నానికి మేడం స్వయంగా స్కూటీ మీద వచ్చింది. ఇద్దరూ ట్యాబ్ ముందర కూర్చుని సరివినాయుడి పేరు మీద 'తొలగించు' నొక్కారు. తొలగించడానికి కారణం అడిగింది. కింద రెండే గళ్ళు. ఒకటి: మరణం. రెండు: వలస.

"మరణం నొక్కితే విచారణ కమిటీ వస్తుంది," అంది మేడం. "ఒక్కరోజున ఇరవై మూడు మరణాలంటే రాజధాని నుంచి వస్తుంది."

"వలస?"

"ఏ ఊరికెళ్ళారో అక్కడి టీచరు చేర్చుకున్నట్టు ఒప్పుకోవాలి. ఎవరు చేర్చుకుంటారమ్మా అడుగున్నర పిల్లల్ని?"

ఆయా కన్నమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చింది. "తప్పు రాసినామని ఒక గడి ఉండదేటమ్మా?"

మేడం నవ్వింది, పల్లెటూరి వాళ్ళ అమాయకత్వానికి నవ్వినట్టు. "తప్పు రాసే అవకాశం లేకుండా తయారుచేశారు కన్నమ్మా. అందుకే ఆ గడి పెట్టలేదు."

కాబట్టి ఉంచారు. ఉంచితే ఊరుకుంటారా? ఎర్ర పిల్లలకి ప్రత్యేక పోషణ ఉంటుంది. ఆ శుక్రవారానికి ఆటో ఒకటొచ్చి గుడ్లు, పాలపొడి, పల్లీ చిక్కీలు దించింది. ఇరవై మూడు మందికి నెలకి సరిపడా. పైన షరతు ఒకటుంది: ఇంటికి ఇవ్వరాదు, కేంద్రంలో లబ్ధిదారు ఎదుటనే వడ్డించి ఫోటో తీసి పంపాలి.

చిన్నమ్మడు గుడ్ల అట్టల ముందర కూలబడింది. "మొక్కకి గుడ్డెలా తినిపిస్తాం కన్నమ్మా? తినిపించకుండా తిన్నట్టు నేను రాయలేను."

"తిన్నట్టు రాయమన్నారేటి?" కన్నమ్మ కాగితం చదవలేదు, కానీ చదివినమ్మ చెప్పింది శ్రద్ధగా వింది. "ఎదరెట్టి వడ్డించమన్నారు. అమ్మోరికి ఎదరెట్టటంలేదా? ఆయమ్మ తింటాదేటి? సూస్తాది. ఆనక మనం తింటాం."

అందులో కాదనడానికేమీ లేదు. రోజూ పదకొండు గంటలకి ఇరవై మూడిళ్ళ వాళ్ళూ సంచీలు చంకనేసుకుని మొక్కల్ని కేంద్రానికి తెచ్చేవారు. కన్నమ్మ చాప మీద వాటిని వరసలో కూర్చోబెట్టి, ఎదర కంచాలు పెట్టి గుడ్లు వడ్డించేది. చిన్నమ్మడు ఫోటో తీసేది. 'వడ్డించడమైనది' అని రాసేది. అది నిజం. ఆ పైన ఎనిమిది మంది గుంటలూ ఆ గుడ్లు తినేవారు. ఫాల్గుణం దాటేసరికి ఆ ఎనిమిది మందికీ బుగ్గలు వచ్చాయి.

ఎర్ర పిల్లల తల్లులకి అవగాహన సదస్సు అని ఇంకొకటుంది. పట్నం నుంచి పోషణ సలహాదారు ఒకావిడ కొత్త చీర, కొత్త జాబితాతో వచ్చింది. మొదటి పేరు సరివినాయుడి తల్లిది. పైడమ్మ వచ్చి ఎదర కూర్చుంది. ప్రభుత్వం వాళ్ళొచ్చి ప్రభుత్వం ఇచ్చిన మొక్క సంగతే అడుగుతారు గానీ ఇంకేం అడుగుతారని ఆవిడ ధీమా.

"మీ వయసెంతమ్మా?"

"యాభయ్యెనిమిది."

సలహాదారు లెక్క వేసుకుని కళ్ళజోడు సర్దుకుంది. "అంటే... సరే. బాబు మీ చేతికి ఎక్కడొచ్చాడు, ఆస్పత్రిలోనా?"

"లేదమ్మా. ట్రాక్టరు మీద."

"ట్రాక్టరు మీదా!" ఆవిడ రాసుకుంది. "అప్పుడు పక్కన ఎవరున్నారు?"

"డ్రైవరు."

"తల్లిపాలు ఎన్నాళ్ళిచ్చారు?"

పైడమ్మ చుట్టుపక్కల వాళ్ళ వైపు చూసింది. "పాలెందుకమ్మా? నీళ్ళే. పొద్దున్న సెంబుడు, సాయంత్రం సెంబుడు. ఎక్కువెడితే కుళ్ళిపోతాడని సీటీలో రాసుంది."

"నీళ్ళా! నాలుగేళ్ళూ నీళ్ళేనా?" సలహాదారు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "రాత్రిళ్ళు ఎక్కడ పడుకోబెడతారు?"

"పెరట్లోనే. గేదె తొక్కకుండా సుట్టూ ముళ్ళకంపెట్టినాడు మా ఇంటాయన."

సలహాదారు ఆ రోజు అన్నం తినకుండా వెళ్ళిపోయింది. ఆవిడ నివేదికలో ఊరి పేరు కింద 'పేగుబంధం లోపించిన గ్రామం' అని ఎర్ర సిరాతో గీత ఉందని తర్వాత తెలిసింది. పైడమ్మ మాత్రం వీధి వీధంతా చెప్పుకుంది. "సానా మంచమ్మి. మొక్క కోసం కన్నీళ్ళెట్టుకుంది. మనవెప్పుడైనా ఎట్టుకున్నామేటి?"

ఇంత జరుగుతున్నా చిన్నమ్మడి మనసంతా జాకెట్లో మడిచిన ఆ కాగితం మీదే ఉంది. ఉగాది వెళ్ళిన నాలుగో రోజున ఇంకో కాగితం వచ్చింది. చేతులు తుడుచుకుని విప్పింది. "మీ కేంద్రంలో లబ్ధిదారుల సంఖ్య ముప్ఫయి ఒకటిగా నమోదైనందున విలీనపు ఉత్తర్వులు నిలుపుదల చేయడమైనది."

అప్పుడు కన్నమ్మకి చెప్పింది, మొదటి కాగితమూ రెండో కాగితమూ కలిపి. కన్నమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "ఓలమ్మా! మూసీబోయినారా? మొక్కలొచ్చి ఆపినాయా?"

"ఉండు, ఇంకా ఉంది." చిన్నమ్మడు రెండో పేజీ తిప్పింది. "అయితే తీవ్ర ఎదుగుదల లోపం గల లబ్ధిదారులలో కనీసం సగం మంది మే నెలాఖరులోగా ఆ స్థితి నుండి బయటపడని పక్షంలో సదరు కేంద్రాన్ని విఫల కేంద్రంగా ప్రకటించి మూసివేయడం జరుగుతుంది."

బయటపడటమంటే తొంభై నాలుగు సెంటీమీటర్లు దాటాలి. సంవత్సరానికి అంగుళం పెరిగే మొక్క రెండు నెలల్లో రెండడుగులు పెరగాలి. ఇదంతా చైత్రమాసంలో. వైశాఖానికి ఆ ఊళ్ళో గాలి పెనం మీంచి వచ్చినట్టు వస్తుంది. మంచుదేశపు మొక్క పెరగడం మాట దేవుడెరుగు, బతికుంటే చాలు. ఎండి చచ్చిందా, 'మరణం' గడి నొక్కాలి.

ఆ సంగతి ఊరికి చెప్పక తప్పలేదు. చాపల మీద కూర్చోబెట్టి చెప్పింది. అంతవరకూ పొట్టి సరివి మీద బట్టలారేసుకున్న ఇళ్ళవాళ్ళు కూడా నోరు మూసుకు విన్నారు. దాలినాయుడు చుట్ట ఆర్పేశాడు.

"అంటే టీచరమ్మా, ఈ మొక్క సస్తే మన గుంటలికి బడి పోతాది. బతికినా ఎదక్కపోతే పోతాది."

"అంతే మావా."

"నా ఐదోవోడు కొంప ముంచేలాగున్నాడే."

ఆ రోజు నుంచి ఊరు మొక్కల్ని చంటిబిడ్డల్లా చూసింది. తాటాకు పందిళ్ళు వేశారు. గోనెసంచీలు తడిపి చుట్టూ కట్టారు. మధ్యాహ్నం వీధిలో తిరిగే మనిషి కనిపిస్తే "ఎండలోకొచ్చీసినావు, మీ పొట్టోణ్ణి నీడలో ఎట్టినావా?" అని అడిగేవారు. అయినా వైశాఖం మొదటి వారానికి కొసలు గోధుమరంగు తిరిగాయి. నల్ల సంచీలు పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. లోపల వేరు ఉడుకుతోంది.

చిన్నమ్మడు కరపత్రం మళ్ళీ చదివింది. 'వేరు చల్లగా ఉండవలెను.' చల్లగా ఉండేది మన్ను, అదీ లోతుగా. లేచి కుమ్మరి గౌరయ్య దగ్గరికెళ్ళింది.

"లోతైన గోలెం కావాలి గౌరయ్య బాబూ. సన్నంగా, నిలువుగా. మొక్క పైన ఉండాలి, వేరు కింద చల్లగా దిగాలి."

"ఎంత లోతు?"

ఆవిడ తొడ దాకా చెయ్యి పెట్టి చూపించింది. గౌరయ్య రెండున్నర అడుగుల గోలెం తిప్పి, కాల్చి ఇచ్చాడు. దాలినాయుడి పెరట్లో మొదటిది పెట్టారు. నిండా మన్ను పోస్తే నలుగురెత్తాలి. అందుకని అడుగున కొబ్బరి డొక్కలూ, ఊకా నింపి, పైన జానెడు మన్నులో సరివినాయుణ్ణి నిలబెట్టారు. వారం తిరిగేసరికి కొసలు మళ్ళీ పచ్చబడ్డాయి. దేవుడి దయ అనుకుంది చిన్నమ్మడు. అంతకుమించి ఇంకేమీ అనుకోలేదు.

నెలాఖరున కొలతల రోజు వచ్చింది. సరివినాయుణ్ణి గోలెంతో సహా ఎత్తి బద్ద మీద నిలబెట్టారు. చిన్నమ్మడు వంగి చూసి, మళ్ళీ చూసి, బద్ద తుడిచి మూడోసారి చూసింది.

"ఏటయిందమ్మా?" అంది కన్నమ్మ.

"తొంభయ్యేడు."

తూచింది. పదిహేను కిలోలు. నాలుగేళ్ళ పిల్లవాడు ఉండవలసినంత, నూరు గ్రాములు అటూ ఇటూ కాకుండా. అబద్ధం రాసిందా? లేదు. కిందటి సారి సంచీతో కొలిచింది, ఈసారి గోలెంతో కొలిచింది. బద్ద ఎంత చూపిస్తే అంత. అంకె ఎక్కించింది. సరివినాయుడి పేరు ఎరుపు పోయి ఆకుపచ్చగా మారింది.

మధ్యాహ్నానికి స్కూటీ వచ్చింది. హేమనళిని మేడం గోలెం చుట్టూ తిరిగింది.

"చిన్నమ్మడూ, కొలత నిబంధనలు గుర్తున్నాయా? పిల్లల్ని పాదరక్షలు విప్పి కొలవాలి."

"గుర్తున్నాయి మేడం."

"మరి ఇది..." మేడం గోలెం కేసి వేలు చూపించింది. "ఇది పాదరక్ష కిందికి రాదూ?"

దాలినాయుడికి అవమానమైంది. "మావోడు సెప్పులేసుకున్నాడంటారేటి మేడంగారూ? పాదాలే నేవు కదా, సెప్పులెక్కణ్ణించొస్తాయి?"

"అది నేను తేల్చేది కాదు. స్పష్టత కోసం పైకి రాస్తాను."

రాసింది. పైవాళ్ళు ఇంకా పైకి రాశారు. పద్దెనిమిది రోజులకి స్పష్టత వచ్చింది, ముద్రతో సహా: "లబ్ధిదారు నుండి వేరు చేసినచో లబ్ధిదారు ప్రాణమునకు ముప్పు కలిగించు దేనినైనను పాదరక్షగా పరిగణించరాదు. అట్టిదానిని లబ్ధిదారు దేహమునందు అంతర్భాగముగా భావించి కొలవవలెను."

ఇక గౌరయ్య సారె ఆగలేదు. కుమ్మరి వీధిలో ఆవం రెండుసార్లు కాల్చారు. మే ఇరవయ్యారో తారీఖుకి ఇరవై మూడు గోలేలు, ఇరవై మూడు పచ్చటి పొట్టి సరివులు, ఇరవై మూడు ఆకుపచ్చ పేర్లు. సగం అడిగితే అంతా వచ్చారు. చిన్నమ్మడు ఆ సాయంత్రం ఊపిరి పీల్చుకుంది. కేంద్రం నిలబడింది.

నిలబడిందే గానీ, మరీ ఎక్కువ నిలబడింది. రాష్ట్రమంతటికీ ఎర్రగా ఉన్న ఊరు ఒక్క నెలలో పచ్చబడితే పైన తెర చూసేవాళ్ళు ఊరుకుంటారా? 'జీడిగెడ్డవలస నమూనా' అని రాజధానిలో సభ పెట్టారు. ఒక్క నెలలో రెండడుగుల ఎదుగుదల ఎలా సాధ్యమో వివరిస్తూ జాయింటు డైరెక్టరు త్రివిక్రమరావు గారు గంటన్నర మాట్లాడారు. తల్లుల్లో పేగుబంధం పెంచడమే దీనికి మూలం అన్నారు. చప్పట్లు కొట్టారు. జూన్ ఒకటో తారీఖున ఆ పిల్లల్ని చూడటానికి ఆయనే స్వయంగా బయల్దేరారు, మూడు కార్లతో, ఇద్దరు ఫోటోగ్రాఫర్లతో, ఇరవై మూడు బొమ్మకార్లతో.

ముందురోజు చిన్నమ్మడు తేల్చుకుంది. "నిజం చెప్పేస్తాను కన్నమ్మా. ఎలాగూ కనిపించేదే."

"సెప్పీ. కానీ ముందు గుంటలికి అన్నమెట్టీసి సెప్పు. ఆనక ఎవుడు మూసినా కడుపు నిండుంటాది."

కార్లు దిగాయి. డప్పులు మోగాయి. త్రివిక్రమరావు గారు పొడుగాటి మనిషి, పలచటి నవ్వు. వెనకాల హేమనళిని మేడం వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పి ఆయన లోపలికొచ్చారు. చాపల మీద వరసలో ఇరవై మూడు గోలేలు, ప్రతిదాని ఎదరా కంచం, కంచంలో గుడ్డు. గోడ వారన ఎనిమిది మంది గుంటలు మూతులు తుడుచుకుంటున్నారు.

"పిల్లలేరీ?" అన్నారు ఆయన.

చిన్నమ్మడు చేతులు కట్టుకుంది. "వీళ్ళేనండీ."

ఆయన చూశారు. కుడినుంచి ఎడమకి ఒకసారి, ఎడమనుంచి కుడికి ఒకసారి. జాబితా తీసి, 'సరివినాయుడు' అని నెమ్మదిగా చదివారు.

"ఇదుగో, ఇక్కడున్నాడండి," అని దాలినాయుడు గోలెం మీద చెయ్యేశాడు. "మొదటినుంచీ నెమ్మదస్తుడు."

త్రివిక్రమరావు గారు మంచినీళ్ళు అడిగారు. తాగారు. ఫోటోగ్రాఫర్లని బయట నిలబడమన్నారు. కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

"వీటిని పిల్లలని ఎవరు రాశారమ్మా?"

"నేను రాయలేదండీ. మీరు కొలవమన్న పొడుగు కొలిచాను. పేరడిగితే పేరు రాశాను, తల్లి పేరడిగితే నీళ్ళు పోసినావిడ పేరు రాశాను. పిల్లలని ఆ ట్యాబే అంది. తీసేద్దామంటే చచ్చారనో, పోయారనో చెప్పమంది. అవి బతికే ఉన్నాయి, ఇక్కడే ఉన్నాయి. ఏం చెప్పమంటారు?"

చిన్నమ్మడికి ఎక్కణ్ణించి వచ్చిందో ధైర్యం, ఒక అడుగు ముందుకేసింది.

"బాబూ, నాకు మొక్కలొద్దు, మెప్పూ వద్దు. గుడ్లన్నీ మీరే పట్టికెళ్ళిపోండి. అదుగో, ఆ ఎనిమిది మందీ నా పిల్లలు. గెడ్డ దాటలేరు. ఆ ఎనిమిది మందికీ ఈ రెండు గదులూ ఉంచీయండి. అంతే."

ఆయన ఎనిమిది మంది కేసి చూశారు. ఒకడు ముక్కు ఎగబీల్చాడు. ఒకత్తె పక్కదాని జడ లాగింది. ఆయన ముఖంలో కాస్త జాలి కదిలింది. అబద్ధమెందుకు, కదిలింది.

"చూడమ్మా," అన్నారు మెత్తగా. "ఎనిమిది మందికి కేంద్రం నడపడానికి నిబంధన ఒప్పుకోదు. ముప్ఫయి ఒక్కమందికి ఒప్పుకుంటుంది. ఇప్పుడివి మొక్కలని నేను రాస్తే ఎనిమిది మిగుల్తారు, ఈ సాయంత్రమే తాళం వెయ్యాలి. పైగా నమూనాని పదకొండు జిల్లాలకి విస్తరించమని మొన్ననే సంతకం పెట్టాను. గోలెమంటే ఏమిటో అడక్కుండానే ఆ జిల్లాల్లో గోలేలకి టెండర్లు కూడా పిలిచారు." ఆయన రుమాలుతో నుదురు తుడుచుకున్నారు. "వీటిని మొక్కలని ఎవరూ నాకు రాతపూర్వకంగా తెలియజేయలేదు. తెలియజేయవద్దు."

హేమనళిని మేడం "చిత్తం సార్" అంది.

ఫోటోగ్రాఫర్లని పిలిచారు. ఆయన వరసగా ఇరవై మూడు గోలేల ఎదరా ఇరవై మూడు బొమ్మకార్లు పెట్టారు. సరివినాయుడి నెత్తిన చెయ్యి పెట్టి, సూదులు గుచ్చుకుంటే తీసేశారు. పైడమ్మకి శాలువా కప్పారు. ఆవిడ సిగ్గుపడి కొంగు నోట్లో పెట్టుకుంది. "నానేటి సేసినాను బాబూ, నీళ్ళెట్టినాను," అంటే, "ఆ నిరాడంబరతే గొప్పది," అన్నారు. తర్వాత సందర్శకుల పుస్తకం తెప్పించుకుని, కలం తీసి, చాలాసేపు ఆలోచించి చాలాసేపు రాశారు. కార్లు వెళ్ళిపోయాయి. గెడ్డవైపు ఆకాశం నల్లబడుతోంది. తొలకరి గాలి పెంకుల్లోంచి వీస్తోంది.

చిన్నమ్మడు పుస్తకం తీసింది. కన్నమ్మ ఊడ్చడం ఆపి పక్కకొచ్చి నిలబడింది.

"'నేడు ఈ కేంద్రాన్ని సందర్శించితిని,'" అని చదివింది చిన్నమ్మడు. "'లబ్ధిదారులు ఇరవై మూడు మందీ ఆరోగ్యంగా, పచ్చగా, ఏ మాత్రం అల్లరి లేకుండా, వేసినచోట క్రమశిక్షణతో ఉన్నారు. ఇంతటి ఆదర్శ బాలలను నా సర్వీసులో చూడలేదు. ఈ కేంద్రాన్ని శాశ్వత కేంద్రంగా గుర్తించి, ఎన్నడూ మూసివేయరాదని సిఫార్సు చేయుచున్నాను.'"

"అదీ!" అని కన్నమ్మ చీపురు గాలిలోకి ఎత్తింది. "ఉంచీసినాడు! మరి మన గుంటల మాటేటి? ఆళ్ళ గురించి ఏటీ రాయనేదా?"

చిన్నమ్మడు పేజీ తిప్పింది.

"రాశాడు. అడుగున రాశాడు. 'కేంద్రం ఆవరణలో ఎనిమిది మంది బయటి పిల్లలు తిరుగుతూ కనిపించారు. లబ్ధిదారుల ఆకులు తుంచకుండా, కొమ్మలు విరవకుండా ఉండే షరతు మీద, మానవతా దృక్పథంతో వారిని లోపల కూర్చోనివ్వవచ్చును.'"

కన్నమ్మ ఆ మాటలు ఒకటికి రెండుసార్లు నోట్లో తిప్పుకుంది.

"అంటే మన పిల్లల్ని తోలెయ్యొద్దన్నాడు."

"తోలెయ్యొద్దన్నాడు."

"మంచోడే పాపం," అంది కన్నమ్మ.